ఆఫీసు బల్లకు మినీ పీసీ

ప్రశ్న: అకౌంట్స్ పనికి మినీ పీసీ సరిపోతుందా? ఏం చూసి కొనాలి?

జవాబు: ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నుల వంటి పనులకు మినీ పీసీ చక్కగా సరిపోతుంది. ఇటీవలి తరం ఐ3 లేదా రైజెన్ 3 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే చాలు. కొన్ని మోడళ్లలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. అందుకే స్లాట్లున్నది ఎంచుకోవాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత స్టాకు చవగ్గా దొరికినా, విండోస్ 11కు కావాల్సిన టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉందో లేదో చూడాలి.

కీబోర్డు, మౌస్, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్‌లకే నాలుగు యూఎస్‌బీ పోర్టులు పోతాయి, ఆరుంటే మేలు. మానిటరు వెనక బిగిస్తే బల్ల ఖాళీ అవుతుంది, కానీ గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు. వీడియో ఎడిటింగ్, క్యాడ్ పనులకు మాత్రం గ్రాఫిక్స్ కార్డు పట్టే టవరే తగినది.