పెరట్లో పుంజులు ఎక్కువైతే పెట్టలకు చేటు

పన్నెండు గుడ్లు పొదగేస్తే పది పిల్లలు లేచాయని సంతోషిస్తాం. కానీ అందులో ఇంచుమించు సగం పుంజులే అవుతాయి. ఇలా రెండు మూడు పొదుగులు తీసేసరికి పెరట్లో పుంజులే ఎక్కువ కనిపిస్తాయి. పండక్కి పనికొస్తాయిలే అని వదిలేస్తే నూకలు దండగ, గుడ్లు తక్కువ. గుడ్ల డబ్బులతో ఉప్పూ పప్పూ గడుపుకునే ఇల్లాలి చేతికి వచ్చే ఆదాయానికే గండి పడుతుంది.

ఎన్ని పుంజులు ఉండాలి?

8 నుంచి 10 పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఏ కుక్కో పట్టుకుపోతే ఇబ్బంది లేకుండా ఇంకొకటి వేరుగా పెంచుకోవచ్చు. పుంజు లేకపోతే పెట్ట గుడ్లు పెట్టదని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు తినడానికి, అమ్మడానికి పనికొస్తుంది, పొదిగితే మాత్రం పిల్ల కాదు. పిల్లలు కావాలంటేనే పుంజుతో పని.

ఎక్కువైతే ఏమవుతుంది?

నాలుగైదు పుంజులు ఒకే పెట్టను వెంటబడి తొక్కుతుంటే దాని వీపు మీద ఈకలు ఊడిపోతాయి, కాలి ముళ్ళు గీరుకుని గాయాలవుతాయి. బెదిరిన పెట్ట మేతకు రాకుండా మూల నక్కుతుంది, గుడ్లు తగ్గిస్తుంది. పుంజులు ఒకదాన్నొకటి అడ్డుకుని పోట్లాడుకోవడం వల్ల పిల్లలయ్యే గుడ్లు కూడా తగ్గుతాయి.

ఇక మేత లెక్క చూడండి. 10 పెట్టలకు 6 పుంజులుంటే 5 అదనం. బయట తిరిగి ఏరుకుని తిన్నా, ఒక్కోదానికి రోజుకు 50 గ్రాముల నూకలు వేస్తే నెలకు ఏడున్నర కిలోలు. నాలుగు నెలలకు 30 కిలోలు!

ఏది ఉంచాలి, ఏది అమ్మాలి?

ఎనిమిది, పది వారాల వయసుకే పుంజుపిల్లలకు తురాయి పెరిగి ఎర్రబడుతుంది. అప్పుడే పెట్టల నుంచి విడదీసి వేరే గంపలోనో, దడి కట్టిన జాగాలోనో పెంచాలి. కళ్ళు చురుగ్గా, కాళ్ళు తిన్నగా, ఛాతీ వెడల్పుగా ఉన్నదాన్ని విత్తనానికి ఉంచండి. గింజ కనిపిస్తే తాను మింగకుండా పెట్టలను పిలిచే పుంజు మంచిది. పిల్లలను, మనుషులను పొడిచేదాన్ని ముందు వదిలించుకోండి.

ఇంట్లో పుట్టిన పుంజునే తల్లికి, అక్కచెల్లెళ్ళకు కలిపితే రానురాను పిల్లలు బలహీనమవుతాయి. పక్క ఊరి రైతుతో పుంజు మార్చుకోవడం మేలు. తెచ్చినదాన్ని రెండు వారాలు విడిగా ఉంచి, జబ్బు లేదని తేలాకే మందలో కలపాలి. కొక్కెర తెగులు టీకాల గురించి పశువైద్యశాలలో అడిగి తప్పకుండా వేయించండి.

అమ్మకానికి అదను

వినాయక చవితి నాటికి లేచిన పిల్లలు సంక్రాంతికి నాలుగు నెలల పుంజులవుతాయి. కనుమ రోజుకు గిరాకీ ఉంటుంది. తెలంగాణలో ఆషాఢం బోనాలకు అమ్మాలంటే శివరాత్రి తరువాత పిల్లలు తీయించాలి. వాటికి ఎండల్లో నీడ, చల్లటి నీళ్ళు మరవొద్దు. గుత్తకు ఇవ్వకుండా తూకం వేసి అమ్మండి. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధనా సంస్థ తయారుచేసిన వనరాజా రకం పుంజులు నాటువాటికన్నా త్వరగా బరువు వస్తాయి. పందేలకని మాత్రం ఆశపడొద్దు. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960 ప్రకారం కోడిపందేలు నేరం.

ఎండాకాలంలో ఒక చిట్కా

వేసవిలో పుంజు కలిసిన గుడ్డులో ఎండ వేడికే పిండం కదిలి గుడ్డు త్వరగా చెడుతుంది. ఆ రోజుల్లో పిల్లలు తీయించే పని లేకపోతే పుంజును పెట్టల నుంచి విడదీయండి. అయినా రెండు వారాల దాకా పిల్లలయ్యే గుడ్లు వస్తుంటాయి. ఆ తరువాత పెట్టే గుడ్లు ఎక్కువ రోజులు నిలుస్తాయి, సంతలో మురిగిపోయాయన్న మాట పడక్కర్లేదు.

ఈ వారమే ఒక పొద్దున గంప ఎత్తేటప్పుడు పెట్టలెన్ని, పుంజులెన్ని లెక్కపెట్టండి. పదికి ఒకటి దాటితే, అదనపు వాటిని ఈ సంతకో వచ్చే పండక్కో పంపేందుకు ఇప్పుడే విడదీయండి.