వ్యసనము రోగము, చికిత్స కలదు: పంచాయతీ సభ్యుల కర్తవ్యము

కృష్ణా డెల్టాలో మాసూళ్ల దినములు వచ్చినప్పుడు పల్లెపల్లెన కూలిడబ్బు చేతులు మారును. ఆ డబ్బులో బియ్యమున కెంత పోవుచున్నదో, పిల్లల చదువున కెంత పోవుచున్నదో, మద్యమున కెంత పోవుచున్నదో తన వార్డులోని ఇండ్ల పరిస్థితి నెరిగిన ప్రతి పంచాయతీ సభ్యునకు తెలిసియే యుండును. ఈ సమస్య సాధారణముగా పంచాయతీ పెద్దల ముందుకు తగవు రూపమున వచ్చును. భార్యను కొట్టెననియో, ఎకరము పొలము తాకట్టు పెట్టెననియో ఫిర్యాదు వచ్చును. పెద్దలు మందలింతురు, అమ్మవారి యెదుట ప్రమాణము చేయింతురు. పది దినములు గడచునప్పటికి మరల అదే తగవు వచ్చును. ప్రమాణము చేసిన మనిషి అబద్ధమాడెనని అందరును అనుకొందురు. అతనికి కావలసినది మందలింపు గాక చికిత్స యని తలచువారు తక్కువ. ఆ చికిత్స ఎట్టిది, అందులో పంచాయతీ పాత్ర యేమి అను విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

దుకాణము వేరు, మనిషి వేరు

మద్యమును శాసనముతో అరికట్టుటకు ఆంధ్రదేశము చేసిన ప్రయత్నములు చిన్నవి కావు. రాజాజీ ప్రభుత్వము 1937 అక్టోబరు 1వ తేదీన సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధము, 1948 నాటికి కృష్ణా జిల్లాతో సహా మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించినది. ఆంధ్ర రాష్ట్రమేర్పడిన మరుసటి సంవత్సరమే, 1954 నవంబరులో, ఈ నిషేధ విషయముననే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము అవిశ్వాస తీర్మానమునకు లోనై పడిపోయినది. అటుపై 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధమును సాధించినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము అమలునకు వచ్చి, 1997లో సడలింపబడినది.

ఈ చరిత్ర మనకొక పాఠము చెప్పుచున్నది. దుకాణమును మూయుట శాసనము చేయగల పని. దానివలన కొత్తగా త్రాగువారు తగ్గవచ్చును, ఇల్లాండ్రకు ఊరట కలుగవచ్చును. కాని అప్పటికే వ్యసనమునకు లోబడిన మనిషిని బాగుచేయుట శాసనము చేయగల పని కాదు. దుకాణము తెరచినను మూసినను ఆ మనిషికి చికిత్స కావలెను. 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో యొక చికిత్స అందినది. తక్కిన 37 మంది ఎక్కడనున్నారు? మన వార్డులలోనే యున్నారు.

వ్యసనమును గుర్తించు విధము

త్రాగు ప్రతివాడును రోగి కాడు. త్రాగవలెనను కోరికను ఆపుకొనలేకపోవుట. మొదలిడిన పిమ్మట ఎక్కడ ఆపవలెనో తెలియకపోవుట. మునుపటి మత్తునకు మునుపటి కొలత చాలకపోవుట. ఉదయము లేచుటతోడనే చేతులు వణకి, గ్రుక్కెడు పడినగాని నిలువకపోవుట. నష్టము కండ్లయెదుట కనబడుచున్నను మానలేకపోవుట: ఈ లక్షణములలో కొన్ని కలిసి యున్నచో అది అలవాటు దశను దాటి రోగమైనదని గ్రహింపవలెను. దీర్ఘకాలము మత్తునకు అలవాటుపడిన మెదడు, మత్తు లేనప్పుడు సరిగా పనిచేయలేని స్థితికి వచ్చును. కేవలము బుద్ధి చెప్పుటవలన ఆ స్థితి మారదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడ మద్యము, మాదకద్రవ్యముల వలన కలుగు మానసిక స్థితులను మానసిక రోగముల క్రిందనే చేర్చినది.

రోగమన్నంత మాత్రమున భార్యాబిడ్డలను కొట్టుట క్షమింపదగినది కాదు. గృహహింసకు 2005 నాటి చట్టము ప్రకారము రక్షణ కోరు హక్కు ఆ యిల్లాలికి ఎల్లప్పుడును కలదు. ఆమెకు రక్షణ, అతనికి చికిత్స: ఈ రెండును ఏకకాలమున జరుగవలెను.

మొదటి మెట్టు: మత్తు విడుచు దినములు

పంచాయతీ సభ్యులందరును తప్పక జ్ఞప్తియందుంచుకొనవలసిన విషయ మిది. ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో ప్రాణాపాయము కలుగవచ్చును. మానిన కొద్ది గంటలకే వణకు, చెమట, వాంతి, నిద్రలేమి ఆరంభమగును. మొదటి రెండు దినములలో కొందరికి మూర్ఛలు వచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వరకు కొందరికి మతిచలించి, లేనివి కనబడుట, ఎవరో పిలిచినట్లు వినబడుట, జ్వరము, గుండెదడ కలుగును. దానిని దయ్యమనియో గాలియనియో భావించి భూతవైద్యునికొరకు పరుగెత్తినచో, విలువైన కాలము వ్యర్థమై మనిషి దక్కకపోవచ్చును.

మన ప్రాంతమున కార్తీకమాసమున వేలకొలది జనులు భవానీ దీక్షలు, అయ్యప్ప దీక్షలు స్వీకరింతురు. మాల ధరించినన్నాళ్లు మద్యమును ముట్టనివా రనేకులు. నియమము, సత్సాంగత్యము, తోటివారి గౌరవము లభించినచో మనిషి ఎంత నిగ్రహము చూపగలడో దీక్ష తెలుపుచున్నది. అయితే ప్రతిదినము ఉదయముననే త్రాగు అలవాటుగల వ్యక్తి మాల ధరింపదలచినచో, అంతకు కొన్ని దినములు ముందుగానే వైద్యుని కడకు పంపుట గురుస్వాములకును, ఇంటివారికిని ధర్మము. దీక్షకు ఔషధము విరోధి కాదు.

వైద్యశాలలో ఈ దశ సాధారణముగా ఐదు మొదలు పది దినములలో ముగియును. వణకును, మూర్ఛలను అణచు ఔషధములను తగిన మోతాదులో ఇచ్చి క్రమముగా తగ్గింతురు. త్రాగుడు వలన శరీరములో బి-1 విటమిను, అనగా థయమిను, క్షీణించి మెదడు చెడు ప్రమాదము కలదు; అందువలన దానిని సూదిమందుగా నిత్తురు. ఇట్టి రోగికి థయమిను ఇయ్యకుండ కేవలము గ్లూకోజు ఎక్కించుట మంచిది కాదు. ఊరి ఆర్‌.ఎం.పి.ల కీ విషయము తెలియజేయుట మేలు.

రెండవ మెట్టు: కోరికను తగ్గించు ఔషధములు

మత్తు విడిచిన తరువాత కోరిక వెంటనే పోదు. దానిని తగ్గించుటకు నాల్ట్రెక్సోను, అకాంప్రోసేటు వంటి ఔషధములు కలవు. డైసల్ఫిరాము అను మరియొక ఔషధమును 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు వెలుగులోనికి తెచ్చిరి. దీనిని సేవించు వ్యక్తి మద్యము త్రాగినచో ముఖము ఎఱ్ఱబడి, వాంతులు, గుండెదడ కలిగి, రక్తపోటు పడిపోవును. ఈ భయమే అతనిని మద్యమునకు దూరముగా నుంచును. రోగి తెలిసి, అంగీకరించి, వైద్యుని పర్యవేక్షణలో మాత్రమే దీనిని వాడవలెను.

కాఫీలోనో కూరలోనో రహస్యముగా కలుపుమని విక్రయింపబడు “త్రాగుడు మాన్పించు పొడులు” సంతలలోను, ప్రకటనలలోను కనబడుచుండును. విసిగిపోయిన ఇల్లాలు ఆశతో వాటిని కొనును. అందేమి కలిసియున్నదో ఆమె యెరుగదు. అది డైసల్ఫిరామే యైనచో, తెలియక త్రాగిన భర్తకు ప్రాణహాని కలుగవచ్చును. ఇట్టి పొడులను వాడరాదని గ్రామసభలో స్పష్టముగా చెప్పవలెను.

మూడవ మెట్టు: మాట, ఇల్లు, ఊరు

ఔషధము దేహమును కుదుటపరచును. జీవితమును కుదుటపరచుటకు మాట కావలెను. ఏ సమయమున, ఏ స్నేహితులతో, ఏ బాధవలన త్రాగవలె ననిపించునో రోగిచేతనే చెప్పించి, ఆ సమయమును దాటు ఉపాయములను సలహాదారులు నేర్పుదురు. కుటుంబమును కూడ కూర్చుండబెట్టి మాటలాడుదురు. అమెరికాలో 1935లో ఆరంభమైన ‘ఆల్కహాలిక్స్ ఎనానిమస్’ సంఘపు పద్ధతి మరియొకటి. త్రాగుడు మానినవారు, మానదలచినవారు ఒకచోట చేరి, రుసుము లేకుండ తమ అనుభవములను పంచుకొందురు. ‘ఈ దినము త్రాగను’ అనునదే వారి నియమము. జీవితాంతపు ప్రమాణముకంటె ఒక్క దినపు నియమము సులభము.

ఈ విషయమున పొరుగు రాష్ట్రపు అనుభవము మనకు మార్గదర్శకము. భర్తను మద్యమువలన కోల్పోయిన శ్రీమతి శాంతి రంగనాథన్‌ గారు 1980లో చెన్నపట్టణమున వ్యసన చికిత్సకై ఒక సంస్థను స్థాపించిరి. కావేరీ డెల్టాలోని మంజక్కుడి గ్రామమున ఆ సంస్థ చికిత్సా శిబిరములను నడిపినది. రోగులను పట్టణమునకు రప్పించుటకు మారుగా వైద్యులే గ్రామమునకు వెళ్లిరి. ఊరివారు ఆతిథ్యమిచ్చి అండగా నిలిచిరి. శిబిరము ముగిసిన తరువాతను రోగుల బాగోగులు విచారించిరి. కావేరీ డెల్టాలో సాధ్యమైనది కృష్ణా డెల్టాలో అసాధ్యము కానేరదు.

గంజాయి, మత్తుబిళ్లలు

విజయవాడ నాలుగు దిక్కుల రహదారులు, రైలుమార్గములు కలియు కూడలి. ఏజెన్సీ ప్రాంతములనుండి తరలు గంజాయి ఈ దారిని పోవుచు పల్లెల యువకులకును చేరుచున్నది. గంజాయి అలవాటును మాన్పించుటకు ప్రత్యేకౌషధము లేదు. సలహా చికిత్సయే ప్రధానము. నల్లమందు జాతి మత్తుపదార్థములకు మాత్రము బ్యూప్రినార్ఫిను వంటి ఔషధములతో దీర్ఘకాల చికిత్స కలదు. కొంతకాలము మానిన పిమ్మట పూర్వపు మోతాదునే తిరిగి తీసికొనినచో ఊపిరి నిలిచి మరణింపవచ్చును. ఈ హెచ్చరికను రోగికిని, ఇంటివారికిని తెలుపవలెను.

పోలీసుకేసు భయముతో తలిదండ్రులు బిడ్డను దాచిపెట్టుచుందురు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము 64-ఎ విభాగము ప్రకారము, సేవించిన నేరముగాని, స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరముగాని మోపబడిన వ్యసనపరుడు, తనంతట తాను ప్రభుత్వము గుర్తించిన సంస్థలో చికిత్సకు సిద్ధపడి దానిని పూర్తిచేసినచో, ఆ నేరమునకు విచారణ నుండి మినహాయింపు కలదు. అమ్మకందారునకు ఈ రక్షణ లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందిన విషయములుగా చేర్చబడినవి. కనుక ఈ క్రింది పనులు మన పరిధిలోనివే.

1. తగవు వచ్చినప్పుడు జరిమానాతో ముగింపక, ఆ మనిషిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. అచ్చటి వైద్యుని సలహాపై విజయవాడ ప్రభుత్వ సార్వజనిక వైద్యశాల మనోరోగ విభాగమునకు చేర్పవచ్చును. వెంట ఒక సభ్యుడు పోయినచో రోగికి ధైర్యము కలుగును.

2. వ్యసన విముక్తి సలహాలకై 14446, మానసికారోగ్య సలహాలకై 14416 అను ఉచిత ఫోను నంబరులను పంచాయతీ కార్యాలయము, పాఠశాల, రైతుసేవా కేంద్రముల గోడలపై వ్రాయించవలెను.

3. గొలుసులతో కట్టివేయుట, కొట్టుట చికిత్స కాదు. రోగిని గొలుసులతో బంధించుటను 2017 చట్టము నిషేధించినది. ప్రైవేటు కేంద్రమునకు పంపుటకు ముందు దానికి ప్రభుత్వ నమోదు కలదో లేదో విచారింపవలెను.

4. చికిత్స పొంది తిరిగివచ్చిన వానిని పూర్వపు పేరుతో ఎగతాళి చేయనీయరాదు. మొదటి సంవత్సరము గడ్డుకాలము. అతనికి పని చూపవలెను. ఆశా కార్యకర్త, స్వయంసహాయక సంఘ సభ్యురాండ్రు నెలకొకసారి యైనను పలుకరింపవలెను. వైద్యుని కడకు మరల పోవు తేదీని జ్ఞాపకము చేయవలెను.

5. మరల త్రాగినాడని తెలిసినచో చికిత్స వ్యర్థమైనదని నిర్ణయింపరాదు. మధుమేహము మరల పెరిగినచో ఔషధమును మార్తుము గాని రోగిని వదలివేయము గదా! ఇదియును అట్టిదే. ఎంత త్వరగా మరల వైద్యుని చూపిన, అంత త్వరగా తిరిగి నిలుచును.

ఇందులో పెద్ద నిధులు అవసరమైనవి తక్కువ. సభ్యుల శ్రద్ధ అవసరమైనవే ఎక్కువ. రాబోవు గ్రామసభ కార్యక్రమములో ఈ విషయమును ఒక అంశముగా చేర్చి, ఆరోగ్య కేంద్రపు వైద్యుని ఆహ్వానించి మాటలాడించుడు. అటుపై ప్రతి సభ్యుడును తన వార్డులో ఒక్కొక్క కుటుంబమునకు బాధ్యత వహించి, ఆ ఇంటిమనిషిని వైద్యుని గడప వరకు నడిపించినచో, మరుసటి మాసూళ్ల కూలిడబ్బు ఆ ఇంటి బియ్యపుడబ్బాకును, బిడ్డల చదువునకును చేరును.