బి.ఎస్సీ. వ్యవసాయ విద్యార్థుల పరిశోధన: గ్రామం నుండి పత్రిక వరకు

రాజేంద్రనగర్ వ్యవసాయ కళాశాల నాలుగవ సంవత్సర విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ కార్యానుభవ కార్యక్రమంలో రైతుల పొలాలను పరిశీలిస్తారు. ఆ పరిశీలనలు రికార్డు పుస్తకాన్ని దాటి సదస్సుకు, పత్రికకు చేరవలెనన్న ముందుగానే ప్రయోగ ప్రణాళిక అవసరం.

ఒకే పొలంలో మోతాదుకొక మడి వేసినచో, దిగుబడిలోని తేడా ఎరువుదో నేలదో తేల్చలేము. నాలుగు మోతాదులను ఐదుగురు రైతుల పొలాలలో, పొలమొక పునరావృతంగా, చీటీలు తీసి మడులకు కేటాయించినచో ఎర్రర్ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 3×4=12 వచ్చును. సాధారణంగా కోరు కనీస సంఖ్య ఇదియే. ముగ్గురు రైతులతో 6 మాత్రమే.

పోస్టరులో సగటులతోపాటు క్రిటికల్ డిఫరెన్స్ చూపవలెను. తేడా లేదని తేలినను దాచరాదు; అధిక మోతాదు నిరుపయోగమన్న ఫలితం రైతుకు ఖర్చు తగ్గించును. కొలతలు తీసి, విశ్లేషించి, పత్రం రచించిన విద్యార్థియే ప్రథమ రచయిత కావలెను.