'గెట్' అన్న మాట పక్కన పెట్టు

ఇస్తాంబుల్

చిరంజీవి హారికకు,



నీ నోట్‌బుక్ పేజీల ఫొటోలు చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, సంతోషం. కానీ ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క టర్కిష్ మాట, మధ్యలో నిలువు గీత! 'గెట్'కి ఎదురుగా 'అల్మాక్' అని రాసి ఊరుకున్నావు. ఆ గీత చెరిపెయ్యి తల్లీ. ఆ పద్ధతిలో అంకారాలో దిగావంటే మొదటి రోజే బస్టాండులో నవ్వులపాలవుతావు. బస్సెక్కానని చెప్పబోయి 'ఒటోబ్యూస్ అల్దిమ్' అన్నావనుకో, బస్సు కొన్నానని అర్థం.

అల్మాక్ చెడ్డ మాటేం కాదు. తీసుకోవడం, కొనడం, అందుకోవడం మూడూ అందులో ఉన్నాయి. 'ఎక్మెక్ అల్దిమ్' అంటే రొట్టె కొన్నాను. 'నెఫెస్ అల్మాక్' అంటే ఊపిరి తీసుకోవడం. ఎవరింటికైనా వెళ్తే 'చాయ్ అలిర్ మిసినిజ్?' అంటారు. టీ తీసుకుంటారా అని మనింట్లో అడిగినట్టే. వద్దనుకుంటే 'అల్మయాయిమ్' అను, తీసుకోనులెండి అన్నంత మర్యాదగా ఉంటుంది. ఇంగ్లీషువాళ్ల గెట్ మాత్రం ఇంటింటికీ తిరిగే మాట. ఎక్కడానికి, దిగడానికి, లేవడానికి, చేరడానికి, అర్థం కావడానికి, ముసలివాళ్లం కావడానికి అన్నిటికీ అదే. టర్కిష్‌లో వీటిలో ప్రతిదానికీ సొంత క్రియ ఉంది. తెలుగులోనూ అంతే కదా! మరి తెలుగు నుంచి సూటిగా పోకుండా మధ్యలో ఇంగ్లీషుని ఎందుకు దూరుస్తావు?

ఎక్కడం 'బిన్మెక్', దిగడం 'ఇన్మెక్'. బస్సు, రైలు, విమానం, గుర్రం, లిఫ్టు అన్నిటికీ ఇవే. కాకపోతే మనం 'బస్సు ఎక్కాను' అని ఊరుకుంటాం, వాళ్లు 'బస్సుకు' ఎక్కుతారు, 'బస్సు నుంచి' దిగుతారు: ఒటోబ్యూసె బిన్దిమ్, ఒటోబ్యూస్తెన్ ఇన్దిమ్. చెట్టు, మెట్లు ఎక్కడానికి మాత్రం బిన్మెక్ పనికిరాదు, అక్కడ 'చిక్మాక్' అనాలి. ఇలాంటిచోట తెలుగుని కూడా గుడ్డిగా నమ్మకు.

ఇక్కడ డోల్ముష్ అని షేర్ వ్యాన్లు తిరుగుతాయి. డోల్మాక్ అంటే నిండడం, నిండాక కదిలేది కాబట్టి డోల్ముష్. కూరగాయల్లో కూరి వండే వంటకానికి డోల్మా అనే పేరూ అదే ధాతువు నుంచి వచ్చింది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు డబ్బులు ముందువాళ్ల చేతికిస్తారు. అవి చేతులు మారి డ్రైవర్‌కి చేరతాయి, చిల్లర అదే దారిలో వెనక్కొస్తుంది. దిగాల్సిన చోటు రాగానే ఎవరో ఒకరు గట్టిగా 'ఇనెజెక్ వార్!' అంటారు. ఇన్ అంటే దిగు, ఎజెక్ అంటే 'బోయే', వార్ అంటే ఉండటం. మన బస్సుల్లో 'దిగేవాళ్లున్నారు, ఆపండి' అని అరవమూ? ఇంగ్లీషు మీదుగా పోతే ఈ రెండు మాటలకి ఒక పేజీ వ్యాకరణం చదవాలి.

నువ్వు ఎక్కువ కాలం కూర్చోవాల్సిన పాఠం ఇంకొకటుంది. ఇంగ్లీషులో ఒక పని వేరేవాళ్ల చేత చేయించుకున్నా గెట్ అంటారు. దానికి మన దగ్గర చిన్న 'ఇంచు' ఉంది: కుట్టు, కుట్టించు. టర్కిష్‌లో 'తిర్' ఉంది: దిక్, దిక్తిర్. 'దిక్తిమ్' అంటే కుట్టాను, 'దిక్తిర్దిమ్' అంటే కుట్టించాను. జుట్టు కత్తిరించడం 'కెస్మెక్', పార్లర్‌లో చేయించుకుంటే 'సాచిమి కెస్తిర్దిమ్'. 'కెస్తిమ్' అన్నావంటే నీ చేత్తో నువ్వే కత్తెర పట్టావనుకుంటారు. ఉడకడం పిష్మెక్, ఉడికించడం పిషిర్మెక్, వంటమనిషి చేత ఉడికించడం పిషిర్త్‌మెక్. నా అనుభవంలో ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇక్కడే తల తిరుగుతుంది. మీ అమ్మ అయితే గంటలో పట్టేస్తుంది.

తనంతట తాను జరిగేదానికి ఇంకో తోక: కిర్మాక్ విరచడం, కిరిల్మాక్ విరగడం. గ్లాసు పగిలినా, కర్ర విరిగినా వాళ్లకి ఒకే క్రియ. ఎవరైనా నీతో 'సానా కిరిల్దిమ్' అంటే వెంటనే క్షమాపణ చెప్పు. నీ వల్ల నా మనసు విరిగిందని దానర్థం.

ఉచ్చారణ సంగతి చెప్పడం మరిచాను. 1928లో లాటిన్ లిపికి మారినప్పుడు చుక్క ఉన్న ఐ, చుక్క లేని ఐ రెండూ వేరు వేరు అక్షరాలయ్యాయి. అల్దిమ్, కిర్మాక్‌లలో ఉన్నది చుక్క లేనిది. మన ఇకారానికీ ఉకారానికీ మధ్య ఎక్కడో పలుకుతుంది. తెలుగులో రాయలేం కాబట్టి నేను రాసింది ఉజ్జాయింపు. చెవితోనే నేర్చుకో.

మళ్లీ గెట్ సంగతికి వస్తే, అవడానికి 'ఓల్మాక్'. 'నె ఓల్దు?' అంటే ఏమైంది? 'ఓల్దు మూ?' అంటే అయిందా? పెళ్లి చేసుకోవడానికి 'ఎవ్లెన్మెక్'. ఎవ్ అంటే ఇల్లు. మావాడు ఒక ఇంటివాడయ్యాడు అంటామే, ఆ ఆలోచనే. తయారవడానికి 'హాజిర్‌లన్మాక్'. ఇందులోని 'హాజిర్' అరబ్బీ నుంచి వాళ్లకీ, ఉర్దూ మీదుగా మనకీ చేరిన మాటే కానీ, మన దగ్గర హాజరు పట్టీలో కూర్చుంది, వాళ్ల దగ్గర సిద్ధంగా ఉండటమైంది. 'హాజిర్ మిసిన్?' అని స్నేహితురాలు తలుపు కొడితే 'వచ్చాను మేడమ్' అనకు, చెప్పులేసుకో.

ఇక తెలుగు నిన్ను మోసం చేసే చోటు. మనకి ఆకలి వేస్తుంది, కోపం వస్తుంది, విషయం అర్థమవుతుంది, అన్నీ 'నాకు'. టర్కిష్‌లో ఈ పనులన్నీ 'నేను' చేస్తాను: అజిక్తిమ్, కిజ్దిమ్, అన్లాదిమ్. 'నాకు' అనే 'బానా' తెచ్చి అతికించకు. పైగా ఇప్పుడు ఆకలేస్తున్నా అజిక్తిమ్ అని భూతకాలంలోనే అంటారు. దాహమేస్తే 'సుసాదిమ్', అందులో 'సు' అంటే నీళ్లు. ఫ్లూ వచ్చిందనడానికి 'గ్రిప్ ఓల్దుమ్', అంటే మాటకు మాట 'ఫ్లూ అయ్యాను'. నవ్వొచ్చినా అలాగే అను.

రెడ్‌హౌస్ నిఘంటువు కొనుక్కో, మంచిదే. కానీ టర్కిష్‌లో చదివిన మాట వెతకడానికి తెరువు, ఇంగ్లీషు వైపు నుంచి తెరవకు. నోట్‌బుక్‌లో విడి మాటలు వద్దు, పూర్తి వాక్యాలు రాయి. పొద్దున లేచింది మొదలు (కల్క్‌మాక్) ఇల్లు చేరేదాకా (వర్మాక్) నువ్వు చేసినవి తెలుగులో, దాని కింద టర్కిష్‌లో. మొదటి పేజీ రాయగానే ఫొటో తీసి పంపు, ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

వీసా కాగితాలు ఎంతవరకు వచ్చాయో రాయి. అక్కనీ బావగారినీ అడిగానని చెప్పు.

మీ పిన్ని