మొరం మీద లాన్

జహీరాబాద్‌లో మా ఇంటి ముందు 300 చదరపు అడుగుల జాగాలో నాన్న లాన్ కార్పెట్ వేయించాడు. సగం వానలకు కుళ్లింది, మిగతాది ఎండకు మాడింది. ముక్క పట్టుకుంటే చాపలా లేచొచ్చింది. ఒక్క వేరూ కిందికి దిగలేదు. మళ్లీ వేద్దామంటే, "ముందు నేల సంగతి తేల్చు" అన్నాడు. ఇంట్లో సివిల్ చదివేది నేనే మరి.

అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపాను. గంటకు అంగుళమైనా ఇంకాలి. తెల్లారేసరికి కూడా నీళ్లు నిలిచే ఉన్నాయి. తవ్వితే పైన నాలుగు వేళ్ల మట్టి, దాని కింద ఇల్లు కట్టేటప్పుడు పోసి రోలర్ తిప్పిన ఎర్ర మొరం, సిమెంటు పెళ్లలు.

ప్రాక్టర్ 1933లో చెప్పిన పరీక్ష మన ల్యాబులో చేస్తాం కదా: తగినంత తేమతో దిమ్మిస కొడితే మట్టిలో గాలి పోయి గట్టిపడుతుంది. రోడ్డుకు అదే కావాలి. వేరుకు కావాల్సింది మాత్రం ఆ పోయిన గాలే. తాత ఒక్క ముక్కలో తేల్చాడు: "గిది నేల కాదు బిడ్డా, బండ."

తవ్వడానికి కూడా తేమ లెక్క ఉంది. దాన్నే రైతులు పదును అంటారు. పిడికిట్లో పిసికిన ముద్ద వేలితో పొడిస్తే విరగాలి. జిగటగా అంటుకుంటే ఆగాలి, లేకపోతే తవ్విందంతా పెళ్లలవుతుంది. పదును చూసి గడ్డపారతో ఎనిమిది అంగుళాలు తవ్వి, రాళ్లు ఏరి, రెండంగుళాల మందం మాగిన పశువుల ఎరువు కలిపాం. అంటే 50 ఘనపుటడుగులు. నేనైతే రెండు బస్తాలు చాలనుకున్నా! పక్కనే పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పడావు పడ్డ ఎర్ర నేలల్లో జొన్నలు, కొర్రలు పండించిందీ ముందు నేలను బాగుచేసుకునే.

తర్వాత నీళ్లు పెట్టి రెండు వారాలు ఊరికే వదిలేశాం. మొలిచిన కలుపు పీకాం. తుంగను గడ్డతో సహా తీయాలి, అదే విసుగు పని. గరిక కూడా పీకేశా. "నువ్వు కొనుక్కొచ్చే బెర్ముడా కూడా గరికేనటగా" అని తాత నవ్వాడు.

మేస్త్రీ దగ్గర ట్యూబు లెవెల్ తెచ్చి, 20 అడుగులకు రెండున్నర అంగుళాల వాలు రోడ్డు వైపు ఇచ్చాం. నడిచే బాట కంటే అంగుళం కిందికి చదును చేసి, సగం నీళ్లున్న డ్రమ్ము ఒక్కసారి దొర్లించాం. కాలి ముద్ర అర అంగుళం మించి దిగకపోతే చాలు, ఇంకా తొక్కకూడదు. పైపైన గీరి, తడిపి, జూలై మొదట్లో ముక్కల్ని ఇటుక వరసల్లా అతుకు మీద అతుకు రాకుండా పరిచాం.

మూడు వారాలకు నాన్న ఒక మూల పట్టి లాగాడు. రాలేదు.