సూపర్‌మార్కెట్ అవకాడో గింజ నాటొచ్చా? విదేశీ పండ్ల మీద మన దేశపు రూల్స్

అవకాడో గింజను నీళ్ల గ్లాసులో పెట్టి మొలకెత్తించే వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో నేను ఒక తప్పు చేశాను. పద్ధతిలో తప్పేం లేదు, మొలకలు బాగానే వచ్చాయి. కానీ ఆ గింజ ఎక్కడి నుంచి వచ్చిందో చూడలేదు. విశాఖలో సూపర్‌మార్కెట్‌లో కొన్న పండు అది, పెట్టె మీద టాంజానియా అని రాసి ఉంది. ఈ రూల్స్ సంగతి కెమెరా ముందు చెప్పబోతే గజిబిజి అయింది. అందుకే వీడియోలో మొక్కలు మాత్రం చూపించి, మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మొత్తం 12 మొక్కలు వచ్చాయి. గరివిడి దగ్గర మా బావ ఫోన్ చేసి, "ఏటి బావా, అన్నీ నువ్వే ఏసుకుంటావేటి? నాకో రెండు ఇయ్యి, మావిడితోట గట్టు మీద ఏస్తాను" అన్నాడు. ఇచ్చేసేవాడినే. అదే వారం నాతో డిప్లొమా చదివిన మిత్రుడు ఇంటికి వచ్చి కుండీలు చూసి, "ఒరే, అది తినడానికి వచ్చిన పండురా, నాటడానికి వచ్చింది కాదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పాత నోట్సు తిరగేశాను. పరీక్ష కోసం బట్టీ పట్టిన పాఠం, అప్పట్లో దాని అవసరం తెలియలేదు.

మన దేశంలోకి వచ్చే మొక్క, పండు, గింజ దేనికైనా మూలం 1914 నాటి చట్టం. దాని కింద 2003లో ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ తెచ్చారు, 2004 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని లెక్క ఏమిటంటే, "యాపిల్ రావచ్చు" అని గంపగుత్తగా ఉండదు. ఏ పండు, ఏ దేశం నుంచి, దేని కోసం అని విడివిడిగా చూస్తారు. ఆ దేశంలో ఆ పంటకు ఉన్న పురుగులు, తెగుళ్లలో మన దగ్గర లేనివి ఏవి, అవి పండుతో పాటు వచ్చే వీలుందా, వస్తే మన పంటల మీద బతుకుతాయా అని అంచనా వేస్తారు. ఆ తర్వాతే జాబితాలో చేరుస్తారు. జాబితాలో లేనిది రావడానికి వీల్లేదు.

దిగుమతి చేసే వ్యాపారి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. అక్కడి ప్రభుత్వ అధికారి సరుకు చూసి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కల ఆరోగ్య పత్రం ఇవ్వాలి. ఫలానా పురుగు లేదని అందులో పేరుతో సహా రాయాల్సిన పండ్లు కూడా ఉన్నాయి. కొన్నింటికి రోజుల తరబడి సున్నా డిగ్రీల దగ్గర ఉంచే చల్లదనపు ట్రీట్‌మెంట్ గానీ, మిథైల్ బ్రోమైడ్ పొగ గానీ తప్పనిసరి. ఇక్కడికి వచ్చాక క్వారంటైన్ వాళ్లు శాంపిల్ తీసి భూతద్దం కింద చూస్తారు. విశాఖపట్నంలో కూడా ఈ స్టేషన్ ఉంది, ఫరీదాబాద్‌లోని కేంద్ర సస్యరక్షణ డైరెక్టరేట్ కింద పనిచేస్తుంది. మన దగ్గర లేని పురుగు బతికి కనిపిస్తే పొగ పెట్టించడమో, వెనక్కి పంపడమో, నాశనం చేయడమో చేస్తారు. 2017లో చైనా యాపిల్, 2021 డిసెంబర్‌లో ఇరాన్ కివీ ఆగిపోయింది పురుగుల వల్లే. పండు తీపి తగ్గి కాదు, ధర కుదరకా కాదు.

మన సేంద్రియ రైతులు ఇక్కడే పొరపడతారు. ఫైటోశానిటరీ పత్రం ఉందంటే పండులో మందు అవశేషాలు లేవని కాదు. ఆ సంగతి ఆహార భద్రత వాళ్లు చూస్తారు, అది వేరే శాఖ. ఈ పత్రం బతికి ఉన్న పురుగు, తెగులు గురించి మాత్రమే చెబుతుంది. పురుగు రాకూడదని ఘాటైన పొగ పెట్టిన పండుకు కూడా ఈ పత్రం ఉంటుంది. (పండు మీద స్టిక్కర్ నంబరు 9తో మొదలైతే ఆర్గానిక్ అని వాట్సాప్‌లో తిరుగుతుంది. అది దుకాణాల వాళ్లు ధర కొట్టుకోవడానికి పెట్టుకున్న కోడ్. క్వారంటైన్‌కీ దానికీ సంబంధం లేదు.)

ఇప్పుడు నా 12 మొక్కల దగ్గరికి వస్తాను. తినే పండుకు పెట్టే పరీక్ష వేరు, నాటే గింజకు పెట్టేది వేరు. నాటడానికి తెచ్చే విత్తనానికి విడిగా పర్మిట్ కావాలి. మొక్కలైతే వచ్చాక కూడా కొన్నాళ్లు విడిగా పెంచి, అధికారి చూసి సరే అన్నాకే తోటలోకి వెళ్లాలి. పండు తిని పారేస్తాం కాబట్టే దానికి ఇంత కట్టుబాటు పెట్టలేదు. ఆ గింజ నాటితే ఆ పరీక్షలన్నీ దాటేసినట్టే.

అవకాడోకి సన్‌బ్లాచ్ అనే జబ్బు ఉంది. వైరస్ కంటే చిన్నదైన వైరాయిడ్ వల్ల వస్తుంది. కొన్ని చెట్లకు ఇది ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. గింజ ద్వారా ఎక్కువగా వచ్చేది అలాంటి చెట్ల నుంచే. అంటు కట్టే కత్తి ద్వారా కూడా పాకుతుంది. ఒకసారి చెట్టులో చేరితే దానికి మందు లేదు. జీవామృతం కాదు కదా, రసాయన మందు కూడా ఏం చేయలేదు. నా మొక్కల్లో అది ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం. అలాంటి మొక్కను బావ తోటలో ఎలా పెట్టించను?

బయటి పురుగు వస్తే ఏమవుతుందో కొబ్బరి రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. సర్పిలాకార తెల్లదోమ 2016లో తమిళనాడులో పొల్లాచ్చి దగ్గర మొదట కనిపించింది. తర్వాత గోదావరి జిల్లాలు దాటి మన వైపు కూడా వచ్చింది. ఆకుల మీద తెల్లటి చుట్టలు, కింద ఆకుల మీద నల్లటి మసి. వేపనూనె, సబ్బునీళ్లు కొట్టాం, కొంత తగ్గింది, మళ్లీ వచ్చింది. మన పద్ధతి అంతా పొలంలో మిత్రపురుగులు ఉంటాయనే నమ్మకం మీద నడుస్తుంది. కానీ బయటి పురుగు దాని శత్రువును ఇంటి దగ్గరే వదిలేసి వస్తుంది. అందుకే క్వారంటైన్ అంటే రసాయన రైతుల గొడవ, మనకెందుకులే అనుకోవడం తప్పని నా అభిప్రాయం. మందు కొట్టనివాడికే ఆ గేటు ఎక్కువ అవసరం. తెల్లదోమ విషయంలో ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ఆదుకుంది. అది గుడ్లు పెట్టిన ఆకులు కోసుకొచ్చి కొత్త తోటలో కట్టడం చాలాచోట్ల చేశారు.

బొప్పాయి పిండినల్లిదీ ఇదే కథ. మెక్సికో వైపు పురుగు, 2008లో కోయంబత్తూరులో కనిపించింది. దాని శత్రువైన పరాన్నజీవి కందిరీగను 2010లో ప్యూర్టోరికో నుంచి బెంగళూరు సంస్థ తెప్పించి వదిలింది. ఆ మంచి పురుగు కూడా పర్మిట్‌తో, క్వారంటైన్ దాటే వచ్చింది.

ఇక మన మామిడిని బయటి దేశాలు ఎలా చూస్తాయో చూడండి. పండు ఈగ భయంతో జపాన్ 1986లో మన మామిడిని ఆపేసింది. ఆవిరి ట్రీట్‌మెంట్ షరతుతో 2006లో మళ్లీ ఒప్పుకుంది, ఆ రకాల్లో మన బంగినపల్లి ఉంది. యూరప్ వాళ్లు 2013లో మన దేశపు పండ్లు, కూరగాయల్లో 207 సరుకుల్లో పురుగులు పట్టుకుని, 2014 మే 1 నుంచి మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్లకాయ, చేమ ఆపేశారు. మామిడికి 2015 జనవరిలో విడుదల దొరికింది. అమెరికా 2007లో ఒప్పుకుంది గానీ, టెంక పురుగు భయంతో 400 గ్రే మోతాదులో రేడియేషన్ అడిగింది. అక్కడి ఆర్గానిక్ నిబంధనల్లో ఆ రేడియేషన్‌కి చోటు లేదు. కాబట్టి అది పెట్టించిన మామిడిని అక్కడ ఆర్గానిక్ లేబుల్‌తో అమ్మలేం. "మా సువర్ణరేఖ ఆర్గానిక్, అమెరికా పంపిస్తాం" అని ఎవరైనా ముందే డబ్బులు అడిగితే ఈ ఒక్క ప్రశ్న వేయండి.

పండు ఈగకు నేను చేసే పని చెబుతాను. రాలిన కాయను ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతేస్తాం. పురుగు కాయ లోంచి దిగి మట్టిలోనే కోశం కట్టుకుంటుంది. అందుకే పుస్తకంలో చెట్టు కింద దున్నమంటారు. మనం ఆచ్ఛాదన పెట్టి దున్నం కదా, కాబట్టి ఏరడం మనకు ఇంకా ముఖ్యం. నాటుకోళ్లు కొంత సాయం చేస్తాయి. మిథైల్ యూజినాల్ బుట్టలు కాయ నిమ్మకాయంత అవగానే కడతాను. తులసిలో కూడా ఆ వాసన గుణం ఉంది గానీ, తులసి రసం రెండు మూడు రోజులకు మార్చాల్సి వస్తోంది. ఈ బుట్టల్లో మగ ఈగలే పడతాయి, ఆడ ఈగ పడదు. బుట్ట కట్టి ఏరడం మానేస్తే లాభం లేదు.

మలేషియా, సింగపూర్, గల్ఫ్ నుంచి మనవాళ్లు వస్తూ రంబుటాన్, మాంగోస్టీన్, ఏదో ఒక కొమ్మ బ్యాగులో పెట్టుకొస్తుంటారు. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర పండ్లు, గింజలు, మొక్కలు ఉంటే చెప్పాలి. దాచి తెస్తే దొరక్కపోవచ్చు, కానీ వచ్చేది మన తోటలోకే. ఫోన్ చేసినప్పుడు ముందే చెప్పండి.

నా 12 మొక్కలు పీకి కాల్చేశాను. కుండీల మట్టి పక్కన పెట్టేశాను, దేనికీ వాడను. బావకి చెప్తే, "ఇయ్యడం ఇష్టం లేక సెప్తన్నావు" అన్నాడు, ఇంకా కొంచెం అలకే. అవకాడో కావాల్సిన వాళ్లకు కర్ణాటకలో కొడగు జిల్లా చెట్టళ్లిలో బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల కేంద్రం ఉంది, అర్క సుప్రీమ్ రకం వాళ్లదే. ఏ నర్సరీలో కొన్నా తల్లిచెట్టు ఎక్కడ ఉందో అడిగి, బిల్లు మీద రకం పేరు రాయించుకోండి. మా ఇంటికి రెండు, బావకి రెండు ఆ రకం మొక్కలు తెప్పించాలని చూస్తున్నాను. వచ్చాక నాటే వీడియో పెడతాను.