కాలవ గట్టు మీద కారు: మనం నేర్చుకోని పాఠం

ఫ్రెండ్స్, ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఆటోమొబైల్ ఇంజినీరింగ్ పేపర్లో మంచి గ్రేడే వచ్చింది. బ్రేకింగ్ డిస్టెన్స్ డెరివేషన్ ఇప్పుడు అడిగినా బోర్డు మీద రాసేస్తాను. అలాంటి నేను, సార్వా కోతల సమయంలో మా కారుని కాలవ అంచు దాకా తీసుకెళ్ళాను. అందులో మా అమ్మ, నాయనమ్మ ఉన్నారు. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

మాది మండపేట దగ్గర ఊరు. డెల్టాలో మన రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మనకి కాలవలే నాడులు. రోడ్లు చాలావరకు ఆ కాలవ గట్ల మీదే. ఒక పక్క చేను, ఒక పక్క నీళ్ళు, మధ్యలో ఇరుకు తారు రోడ్డు. చాలాచోట్ల పిట్టగోడ కూడా ఉండదు.

ఆ రోజు సాయంత్రం రాజమండ్రి నుంచి వస్తున్నాం. సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చారు. ఎదురుగా ట్రాక్టర్, దానికి ఒకటే లైటు. బైక్ అనుకున్నాను. దగ్గరకొచ్చాక తెలిసి ఎడమకి కోసి గట్టిగా బ్రేకు కొట్టాను. ఎడమ చక్రాలు ధాన్యం మీదకి ఎక్కాయి. స్టీరింగ్ తిప్పుతున్నా బండి తిరగలేదు, జారుకుంటూ పోయి గట్టు మీద తుమ్మ మొద్దుకి తగిలి ఆగింది. మొద్దు అవతల నీళ్ళే. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని నాయనమ్మ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. మూడు కుట్లు పడ్డాయి. "ఏం కాలేదురా, నువ్వు కంగారు పడకు" అని ఆవిడే నాకు ధైర్యం చెప్పింది.

మర్నాడు మెకానిక్ గారు బండి చూసి నవ్వలేదు, తిట్టలేదు. ముందు టైరు మీద వేలు పెట్టి రాసి చూపించారు. "అబ్బాయ్, ఇది టైరు కాదు, అరటి తొక్క." గాలి చూస్తే 22 ఉంది. ఉండాల్సింది 32. గుర్తు తెచ్చుకుంటే, రెండు నెలలుగా ఎవరమూ గాలి చూడలేదు.

లెక్క చూద్దాం

గంటకి 50 కిలోమీటర్లు అంటే సెకనుకి సుమారు 14 మీటర్లు. కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర. అంటే బ్రేకు మొదలవ్వకముందే 21 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత మంచి పొడి రోడ్డు మీద, ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే, ఇంకో 14 మీటర్లు. మొత్తం 35. ధాన్యం గింజలు చక్రం కింద బాల్ బేరింగుల్లా దొర్లుతాయి. గుణకం 0.3 అనుకుందాం. అప్పుడు ఆగడానికే 33 మీటర్లు, మొత్తం 54. అదే ధాన్యం మీద 40లో వెళ్తే మొత్తం 38 మీటర్లు. పది కిలోమీటర్లు తగ్గిస్తే 16 మీటర్లు మిగిలాయి. నాకు ఆ రోజు కావాల్సింది అందులో సగం కూడా కాదు.

ఇంకోటి. చక్రం బిగుసుకుపోతే స్టీరింగ్ పనిచేయదు. ఏబీఎస్ చేసేది ఆ బిగుసుకోవడాన్ని ఆపడమే. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. మా బండి అంతకన్నా పాతది. పాత బండి నడిపేవాళ్ళు బండి జారుతోందనిపిస్తే బ్రేకు కొంచెం వదిలి మళ్ళీ నొక్కాలి. ఏబీఎస్ ఉన్నవాళ్ళు పెడల్ అదురుతున్నా వదలకుండా నొక్కి పట్టి, స్టీరింగ్ తిప్పాలి. అయితే ఇసక, ధాన్యం లాంటి వాటి మీద ఏబీఎస్ ఉన్నా దూరం తగ్గుతుందని నమ్మకండి.

టైరు చదవడం

టైరు గాడుల మధ్య చిన్న చిన్న దిమ్మెలు ఉంటాయి. గాడి అరిగి ఆ దిమ్మెతో సమానం అయిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. చట్టప్రకారం అక్కడితో ఆ టైరు పని సరి. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాలి పొద్దున్నే, బండి నడపకముందే చూడాలి. ఎంత పట్టాలో డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. స్టెప్నీని మర్చిపోకండి.

నూనెలు, నీళ్ళు

ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ వారానికోసారి చూడ్డానికి ఐదు నిమిషాలు చాలు. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యొద్దు. ఆవిరి మొహం మీదకొస్తుంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చమంటారు. మన తేమ గాలికి ఇది వాయిదా వెయ్యొద్దు.

మన వైపు ప్రత్యేకం కొన్ని ఉన్నాయి. ఎండుగడ్డి పరిచిన రోడ్డు మీద వెళ్ళాక వంగి కింద చూడండి. సైలెన్సర్‌కి చుట్టుకున్న గడ్డి అంటుకోవచ్చు. చేల పక్కన ఇళ్ళలో ఎలకలు వైర్లు కొరుకుతాయి, అప్పుడప్పుడూ బానెట్ ఎత్తి చూడాలి. అంతర్వేది, ఓడలరేవు వెళ్ళొస్తే ఉప్పు గాలికి కింద తుప్పు పట్టకుండా మంచినీళ్ళతో కడగాలి. కోనసీమలో కొబ్బరిచెట్టు కింద బండి పెట్టేవాళ్ళకి నేను చెప్పేదేం లేదు, కాయే చెప్తుంది.

నీళ్ళు అడ్డొస్తే

వరదల్లో కనకాయలంక కాజ్‌వే మునగడం మనం ఏటా వింటున్నదే. "పెద్దగా లోతు లేదులే" అనే మాట దగ్గరే మోసం. చిన్న కారు బరువు 1000 కిలోలు, అడుగు వైశాల్యం 5 చదరపు మీటర్లు అనుకోండి. ఆర్కిమెడీస్ లెక్కన బండి అడుగు పైన 20 సెంటీమీటర్ల నీళ్ళు వస్తే తేలడం మొదలవుతుంది. తేలాక ప్రవాహం ఎటంటే అటు. ఇంజిన్‌లోకి నీళ్ళు పోయి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చెయ్యొద్దు. నీళ్ళు కుంచించుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దిగి నెట్టుకోవడమే చవక.

బండి కాలవలో పడితే? మీటరు వెడల్పు డోరు మీద బయట 90 సెంటీమీటర్ల నీళ్ళుంటే, లోపల నీళ్ళు లేనప్పుడు, దాని మీద పడే బలం దాదాపు 400 కిలోల బరువంత. తోసి తియ్యలేం. కాబట్టి డోరుతో కుస్తీ వద్దు, ఫోన్ వద్దు. వరస ఇది: బెల్టు తియ్యి, పక్క అద్దం దించు, పిల్లల్ని ముందు పంపు, బయటికి రా. అద్దం దిగకపోతే మూల మీద కొట్టాలి, మధ్యలో కాదు. ముందు అద్దం జోలికి పోవద్దు, అది పొరల అద్దం, పగలదు. చిన్న సుత్తి ఒకటి చేతికందే చోట ఉంచండి. 112కో 108కో గట్టెక్కాకే చెయ్యండి.

వెనక సీటు

2022 సెప్టెంబరు 4న సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన కార్లో, వెనక సీట్లో. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. బెల్టు లేకపోతే 1000 రూపాయలు జరిమానా అని మనకి తెలుసు, కానీ "వెనకే కదా" అంటాం. ఆ మాట ఆ రోజు నేనూ అన్నాను. నాయనమ్మ బెల్టు కోసం తడుముకుంటుంటే, "నీకెందుకులే మామ్మా, పది నిమిషాల్లో ఇంట్లో ఉంటాం" అన్నది నేనే. ఈ సంగతి మా నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటారు.

ఇప్పుడు మా బండికి కొత్త టైర్లు పడ్డాయి. ఆదివారం పొద్దున్నే గాలి చూడటం నా పని. ధాన్యం కనిపిస్తే 30కి దించేస్తాను, వెనకాల ఎవరు హారన్ కొట్టినా సరే. నాయనమ్మ కారెక్కగానే ముందు బెల్టు లాక్కుని, "క్లిక్ అందిరా, ఇంక పోనీ" అంటుంది. ఆ క్లిక్ వినేదాకా నేను తాళం తిప్పను.

ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ బండి టైరు గాడిలో ఒక్కసారి వేలు పెట్టి చూడండి. పరీక్షకి కాదు, మీ వాళ్ళ కోసం.